ఆఖరి అడ్డతాడు

ఆదివారం

ప్రభువుకు స్తోత్రం. ఈ రోజు వాక్యం నిప్పులా దిగింది. దూలానికి వేలాడే ఇత్తడి దీపం ప్రసంగం పొడుగునా అటూ ఇటూ ఊగుతూనే ఉంది. ఆత్మ కదలిక అనుకున్నాను. నా భార్య సుగుణ మాత్రం బల్ల మీది ద్రాక్షరసం గిన్నెను ఒలికిపోకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"గాలి కూడా లేదు. ఆత్మకు ఆ దీపమే దొరికిందా?" అంది జనం వెళ్ళాక.

ఆవిడది మార్త స్వభావం. ముందు గిన్నెలు చూస్తుంది.

గేటు గురించే బోధించాను. కొత్తలంకలో ఇప్పుడు వేరే సంగతి ఎవరికి పట్టింది? సముద్రం వైపు గేటు ఎత్తితే ఉప్పునీళ్ళు వచ్చి రొయ్యలు బతుకుతాయి. దించితే మంచినీళ్ళు నిలిచి, నీళ్ళ మీద తేలే మడుల్లో వరి బతుకుతుంది. మునుపు అమావాస్యకూ పున్నమికీ రెండు పక్షాలవాళ్ళూ పడవల్లో గేటు దగ్గర చేరేవాళ్ళు. అరుచుకునేవాళ్ళు, ఒకరి పుట్టుక ఒకరు తవ్వుకునేవాళ్ళు, చివరికి సగం ఎత్తుదామని ఒప్పుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ పోవడం లేదు. ఎవరి గుంపులో వాళ్ళు ఇళ్ళలోంచే, చెవిలో దూర్చుకున్న చెవిపూసల్లో మాట్లాడుకుంటారు. ఊరిని నడిపే యంత్రం సరంగు ఆ మాటలన్నీ విని, ఏ గుంపు ఎక్కువ బాధపడుతోందో చూసి, గేటును వాళ్ళ వైపు తిప్పుతుంది. అందువల్ల తక్కువ బాధపడే తెలివితక్కువవాడు ఊళ్ళో ఒక్కడూ మిగల్లేదు.

పీపాల మీద తేలే మా ఇంటి ముందుగదే ఇక్కడి మందిరం. నేను చదువుకున్న పాస్టరును కాను. పీపాలకు తారు పూసుకు బతికేవాణ్ణి, తారు చేతులతోనే లేఖనం తిప్పి నేర్చుకున్నవాణ్ణి. ముందర చాప మీద కొద్దిమందే కూర్చున్నా, చెవిపూసల్లో మంచినీళ్ళ గుంపంతా వింటోంది. "సారం పోయిన ఉప్పు ఎందుకు పనికొస్తుంది? బయట పారవేయడానికి, కాళ్ళ కింద తొక్కడానికి" అన్నాను. ఆమెన్‌లు వడగళ్ళలా చెవిలో రాలాయి. ఆ ఉప్పు మనమేననీ, సారం పోయింది మనలోనేననీ రెండో సగంలో చెప్పాను. అప్పుడు వడగళ్ళు కాస్త పలచబడ్డాయి.

ఒక్కటే లోటు. ఉప్పునీళ్ళ వరస చివరింటి వాడపల్లి నూకాలు కొన్ని వారాలుగా నోరెత్తడం లేదు. ఉప్పాడ వైపు నుంచి వచ్చిన ముసలామె. రొయ్యలు ఒలిచి ఎండబెడుతుంది. కొలిచేది తన పేరింటి అమ్మవారిని. నన్ను వినేది తప్పులు పట్టడానికి. నోవహు గురించి బోధిస్తుంటే, "ఓడలో పేడ ఎవురు ఎత్తేవోరు అయ్యోరూ?" అని అడ్డం తగిలింది. ఆ జవాబు కోసం లేఖనం ఈ అట్ట నుంచి ఆ అట్టకు తిరగేశాను. అటువంటి నోరు మూతపడిందంటే వాక్యం గుచ్చుకునే ఉండాలి. స్తోత్రం.

మంగళవారం

సరంగు మా ఇంటిని మళ్ళీ జరిపింది.

"మీ మనశ్శాంతి కోసం, సిమియోను గారూ. మీ మాటతో ఏకీభవించే ఇళ్ళ మధ్యకు మిమ్మల్ని చేరుస్తున్నాం" అని చెవిలో తియ్యగా చెప్పింది. ఇంటి కింద మోటారు గురకపెట్టింది. సుగుణ పొయ్యి మీది గంజి గిన్నెను దించి గుడ్డతో పట్టుకుని కూర్చుంది.

మా తాతల నాడు సరంగు అంటే లాంచీ నడిపే మనిషి. తాగి పడుకున్నా నది మలుపులు తెలిసినవాడు. ఇప్పటి సరంగు చెవిపూసలనూ, గేటునూ, ఇంటింటి కింది మోటారునూ నడిపే యంత్రం. మొదట్లో మంచి పనులే చేసింది. రోగులున్న ఇంటిని వైద్యుడి దగ్గరికీ, చేపలెండబెట్టే ఇంటిని గాలివాటుకూ చేర్చేది. తరువాత ఎవరి పక్కన ఎవరుంటే ఫిర్యాదులు తగ్గుతాయో నేర్చుకుంది. అలా జరిపి జరిపి వరివాళ్ళందరినీ ఒక వరసగా, రొయ్యలవాళ్ళందరినీ ఇంకో వరసగా పేర్చింది. మధ్యలో పెద్ద కాలవంత ఖాళీ నీళ్ళు.

ఆ నీళ్ళకు అడ్డంగా అడ్డతాళ్ళు.

ఇక్కడ ఇల్లు నీళ్ళ మీదికి దించిన రోజున పాలు పొంగించడం కన్నా ముందు అడ్డతాడు కడతారు. చుట్టాల ఇంటికి కట్టకూడదు, మన ఇంటి వంటి ఇంటికి కట్టకూడదు, పొసగని ఇంటికే కట్టాలి. మట్టినీ తడి మడినీ మోసే వరివాళ్ళ ఇల్లు బరువుగా, నిదానంగా ఊగుతుంది. రేకులతో కట్టిన రొయ్యలవాళ్ళ ఇల్లు గబగబా ఊగుతుంది. రెండిటినీ దగ్గరగా ముడివేస్తే ఒకదాని ఊపును ఒకటి మింగేస్తుంది. ఒకే రకం ఇళ్ళను ముడివేస్తే ఊపుకు ఊపు తోడవుతుంది. వెనకటి తరంలో నలుగురు తోడల్లుళ్ళు ఒకే కొలతకు ఇళ్ళు కట్టుకుని, ముచ్చటగా వరసన ముడివేసుకుంటే, ఒక మామూలు పోటుకు నాలుగూ బోర్లపడ్డాయి. అప్పటి నుంచీ ఈ ఆచారం. కట్టేటప్పుడు ఒకరు "నీ ఊపు నాది కాదు" అనాలి, రెండోవారు "నా ఊపు నీది కాదు" అనాలి. పెళ్ళి ప్రమాణం కన్నా గట్టిది. నా అడ్డతాడు నూకాలు ఇంటికి.

పీపాకు తారు పూస్తుంటే పరంజ్యోతి వచ్చాడు. మంచినీళ్ళ గుంపుకు పెద్ద, మందిరంలో ముందు చాప అతనిదే.

"అయ్యగారండీ, నారు పడవ మళ్ళీ తాడుకి తగులుకుందండి. సగం నారు నీళ్ళపాలు. ఆళ్ళు కావాలనే బిగిస్తున్నారండి."

"ఇళ్ళు దూరం జరిపితే తాడు బిగుసుకోదటయ్యా?"

"ఏమోనండి. మా గుంపులో అందరూ అదే అంటున్నారు."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరేనండి. కాదన్నోడు ఒక్కడు లేడు."

అవతల ఇంటి వసారాలో ఆడవాళ్ళు వడ్లు చెరుగుతూ పాడుతున్నారు: ఉప్పును పారెయ్, కాళ్ళతో తొక్కెయ్. చేటల దరువుకు బాగా కుదిరింది. నా ప్రసంగమే. చెవికి ఇంపుగానే తోచింది, అబద్ధమెందుకు. కాసేపటికి గాని ఏదో తక్కువైందని తట్టలేదు.

"మరి రెండో సగమేదయ్యా? ఆ ఉప్పు మనమేనన్నాను కదా?"

"నేనైతే చాప మీద విన్నానండి, గుంపులోకి అది రాలేదండి" అన్నాడు పరంజ్యోతి. "వచ్చినదాంట్లోనే శానా బలముందండి."

దీపం ఇంకా ఊగుతోంది. పక్కింటి దీపం కూడా. కిటికీలోంచి చూస్తే వరసలో దీపాలన్నీ ఒక్కసారే అటు వెళ్ళి, ఒక్కసారే ఇటు వస్తున్నాయి.

గురువారం

తారు డబ్బా పడవలో వేసుకుని నూకాలు ఇంటికి పోయాను. పీపాలు చూసే వంకతో.

వసారాలో కాళ్ళు చాపుకుని రొయ్యలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"వొచ్చేవా అయ్యోరూ. తొక్కడానికేనా? సెప్పులిప్పి తొక్కు, రేకు సొట్టపోద్ది."

"నూకాలక్కా, నీకు నా బోధ అందుతోందా?"

"రోజూ అందతంది. తిట్టడమే కదా ఇప్పుడు నీ బోద."

"మరి నువ్వు నోరెత్తడం మానేశావేం?"

ఆవిడ చేతిలోని రొయ్య తల సగం తుంచి ఆగింది. "నానెత్తలేదా? గొంతు పోయీలాగ అరుస్తన్నాను. మొన్న ఆదోరం అడిగినాను, ఉప్పంతా పారేసినాక నీ పచ్చట్లో ఏటేసుకుంటావని. పలికినావు కావు. అయ్యోరు పెద్దోడైపోనాడు, మనకి జవాబు సెప్తాడేటి అనుకున్నాను."

వసారా అంచున కూర్చున్నాను. నేను జయించాననుకుని స్తోత్రం రాసుకున్న మౌనం ఇదా?

"నాకు ఒక్క మాటా చేరలేదక్కా. ఒట్టు."

"ఒట్టెయ్యొద్దని మీ వాక్కెంలోనే ఉంది కదేటి."

"ఉంది."

"మరి?"

చాలాకాలానికి ఆవిడ చేత తప్పు పట్టించుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. ఉప్పు మనమేనన్న రెండో సగం ఆవిడకు చెప్పాను. విని, మూతి తిప్పింది. వాళ్ళ గుంపులో నా గొంతు రోజంతా తిరుగుతోందట. పారవేయాలి, తొక్కాలి, పారవేయాలి, తొక్కాలి. అంతవరకే. విన్నకొద్దీ వాళ్ళకు కడుపు మండుతుంది. మండినకొద్దీ సరంగు ఇంకోసారి వినిపిస్తుంది.

"నువ్వు బిలాము గాడిదవక్కా" అన్నాను. అభిమానంతోనే.

"గాడిదే కదా ముందు దేవదూతని సూసింది. నువ్వే సెప్పినావు. మీదెక్కినోడికి అగుపడలేదు."

అప్పుడే ఇల్లు కదిలింది. దూరంగా పోతున్న నాటుపడవ తాలూకు అల. వరస మొదటింట్లో చిన్నగా పుట్టిన ఊపు ఇంటింటికీ పెరుగుతూ వచ్చి, చివరనున్న ఈ ఇంటిని కుక్కతోకలా విదిలించింది. రొయ్యల గిన్నె చాప మీద నుంచి జారి గోడకు కొట్టుకుంది. నూకాలు ఆశ్చర్యపోలేదు. కర్రతో గిన్నెను వెనక్కు లాక్కుంది.

"ఏ గిన్ని ఎక్కడెట్టినా నడిసెల్లిపోతంది. నాకే నడక లేదు." ఆవిడకు ఒక మోకాలు పనిచేయదు. నీళ్ళలో పడితే ఈదలేదు. "మద్దిలోకి జరపమని సరంగుని అడిగినాను. నీ మనశ్శాంతి ఇక్కడే ఉందమ్మా అంటాది. ఈ కొసని నీ తాడు ఒక్కటే పట్టుకుంది అయ్యోరూ. అదీ సాగిపోయింది."

తాడును చూశాను. రెండు ఇళ్ళ మధ్య బారెడు ఉండవలసింది గుంజ మీది చుట్టలన్నీ విప్పుకుని కాలవ వెడల్పునా సాగి, నీళ్ళలో మునిగి తేలుతోంది. పీపాలకు తారు పూశాను. చెయ్యి ఊరికే ఉండలేక పూసినచోటే మళ్ళీ పూశాను.

శుక్రవారం

ఈ రోజు రెండుసార్లు బోధించాను. ఉదయం నెమ్మదిగా. బాబెలు ఎత్తుకున్నాను. అక్కడ అందరిదీ ఒకే మాట. వద్దన్నవాడు ఒక్కడున్నా ఆ గోపురం పునాది దగ్గరే ఆగేది. ఓడలో పొసగనివన్నీ ఒక కప్పు కింద ఉన్నాయి గనుక తేలింది. బాబెలులో అందరూ పొసిగారు గనుక కూలింది. అయ్యలారా అమ్మలారా, అడ్డతాళ్ళు ఉంచండి, ఉప్పువరసవాళ్ళను గేటు దగ్గర కలవండి అని బతిమాలాను.

చెవిలో ఒక్క ఆమెన్ లేదు. ఖాళీ కుండలో మాట్లాడినట్టుంది.

మధ్యాహ్నానికి నాకు మండింది. నా కోపం ఊరికే పుట్టేది కాదు, పుడితే ఊరికే చల్లారదు. గుండె మీద గుద్దుకుంటూ అరిచాను. మీ కోపమే మీకు నరకమన్నాను. సహోదరుణ్ణి ద్వేషించేవాడు నరహంతకుడన్నాను. వడగళ్ళు మొదలయ్యాయి. ఆమెన్ మీద ఆమెన్, చెవి చిల్లులు పడేలా.

పరంజ్యోతి పడవ వేసుకుని పరుగున వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు. "ఏం కొట్టారండీ ఆళ్ళని."

"నేను కొట్టింది మిమ్మల్నయ్యా."

"అదేనండి. మా బాధంతా మీ నోట్లోంచి వచ్చిందండి."

అతను పోయాక సరంగునే అడిగాను, పొద్దుటి మాటలు ఏమయ్యాయని.

"మీ నెమ్మది మాటలు మొదలవగానే వినేవారు ఇబ్బంది పడ్డారు, సిమియోను గారూ. వారికి కష్టం కలగకుండా అక్కడితో ఆపాం. మీ ఆవేదన మాత్రం అందరికీ చేరింది. ఉప్పునీళ్ళ వరసకు కూడా."

నరహంతకుడన్న మాట ఒక్కటే అక్కడికి పోయింది. ఎవరిని అన్నానో పోలేదు. సాయంత్రానికి ఉప్పువరస ఎంత భగ్గుమన్నదంటే, సరంగు ఊరంతటికీ చాటింది: ఉప్పువరస బాధ మితిమీరింది గనుక ఆదివారం అమావాస్య పోటుకు గేటు పూర్తిగా ఎత్తబడుతుంది.

పూర్తిగా. నేను పుట్టాక ఎప్పుడూ సగం మించి ఎత్తలేదు. ముఖాముఖి అరుచుకున్న రోజుల్లో ఎంత తిట్టుకున్నా సగం దగ్గర ఆగేవాళ్ళు, ఎందుకంటే పోటు నీరు తోసుకొస్తే ఎవరి ఇల్లు ఎలా ఊగుతుందో ఇద్దరికీ తెలుసు.

అడ్డతాళ్ళన్నీ బిగువుగా, దగ్గరగా ఉన్న రోజుల మాట అది.

శనివారం

తాళ్ళు తెగుతున్నాయి.

దారికి అడ్డంగా ఉన్న మీ తాడును తొలగించమంటారా అని సరంగు ఇంటింటినీ అడిగింది. ఔనన్న ఇంటి కింది నుంచి కత్తెర వచ్చి నీళ్ళలోనే తుంచేస్తోంది. ఇటు నుంచి కొందరు ఔనన్నారు, అటు నుంచి కొందరు. తెగిన తాళ్ళు పాముల్లా కాలవలో తేలుతూ పోయాయి. నన్ను చాలాసార్లు అడిగింది. కాదన్నాను. నూకాలూ కాదంటూ ఉండాలి, లేకపోతే మా తాడు మిగిలేది కాదు. మాట చేరకపోయినా ఆ ఒక్క సంగతి నాకు తాడులోనే తెలుస్తోంది.

పొద్దు వాలేసరికి రెండు వరసల మధ్యా మిగిలింది మాదొక్కటే.

పరంజ్యోతి మరి ఇద్దరితో వచ్చి, బల్ల మీద లేఖనం పక్కన కొత్తగా కక్కు కొట్టించి పదునెక్కించిన కొడవలి పెట్టాడు.

"రేపు ఆరాధన కాగానే మీ చేత్తో మీరే కోస్తే బాగుంటాదని గుంపు నిర్ణయమండి. సాక్ష్యంగా ఉంటాది."

"ఆ కొసన ముసలామె ఉందయ్యా. ఈదలేదు."

"మన పైరు మాత్రం ఈదుద్దాండి?" అన్నాడు. మంచివాడే. అతని తల్లి పోయినప్పుడు నూకాలే మూడు పూటలు వాళ్ళకు అన్నం పంపింది. అది గుర్తు చేద్దామనుకునేలోగా పడవెక్కాడు. ఎక్కుతూ వెనక్కు తిరగకుండా అన్నాడు: "కోయకపోతే మీ గొంతు ఇక గుంపులోకి రాదండి. నా మాట కాదు, అందరి మాట."

గొంతు రాకపోతే నేనేమిటి? తారు పూసేవాణ్ణి. యోనా తనకు గిట్టని ఊరికి పోకుండా ఎందుకు పారిపోయాడని పిల్లలకు నేర్పేటప్పుడు అడుగుతుంటాను. తుఫానుకు భయపడి కాదు. ఆ ఊరు ఎక్కడ బాగుపడుతుందో, తనవాళ్ళ ముందు తన నోరు ఎక్కడ పోతుందో అని. పిల్లలకు చెప్పడం తేలిక.

సుగుణ కొడవలిని తీసుకుపోయి గోంగూర కట్ట కోసుకుంది.

"కోస్తే పాపం. కోయకపోతే నీ నోరు పోతుంది" అంది. "నీకు పాపం కన్నా నోరంటేనే ఎక్కువ భయం. పాతికేళ్ళుగా చూస్తున్నా."

"కోయను."

"కోయకపోతే మాత్రం ఏం ఒరిగింది? ఇంత పొడుగు తాడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇల్లు దగ్గరుంటేనే గదా ఊపు చచ్చేది."

ఇద్దరమూ కిటికీలోంచి కాలవ అవతలికి చూశాం. తరువాత మూలనున్న గెడ వైపు చూశాం.

ఆదివారం

ఇప్పుడు పొద్దు వాలింది. చేతుల చర్మం లేచిపోయింది, కలం సరిగా నిలవడం లేదు. అయినా ఉదయం జరిగింది జరిగినట్టు రాస్తాను.

చాపలు నిండాయి. వరసంతా వసారాల్లోకి వచ్చి నిలబడింది. కొడవలి నా చేతికిచ్చారు. ఆమెన్‌లు అప్పుడే మొదలయ్యాయి. నేను కొడవలితో తాడు దగ్గరికి పోలేదు. అవతలి గుంజ దగ్గరికి పోయి, మా ఇంటిని మంచినీళ్ళ వరసకు కట్టిన ముళ్ళు ఒక్కొక్కటీ కోశాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. మంచిదే.

"దిగేవాళ్ళు దిగండి" అంది సుగుణ, చాప చుట్టమన్నంత మామూలుగా. దిగారు. పరంజ్యోతి ఆఖరున దిగాడు. "అయ్యగారండీ, ఏంటండీ ఇది" అన్నాడు మెల్లగా. ఆ మాట చెవిపూసలో కాదు, గాలిలో విన్నాను.

దూరంగా గేటు లేచిన చప్పుడు. ఇనుము ఏడ్చినట్టు.

మోటారు మమ్మల్ని వరసలోకి వెనక్కు లాగింది. "మీ మనశ్శాంతికి ఇది విరుద్ధం, సిమియోను గారూ" అంది సరంగు. నేను వసారా పలక ఎత్తి మోటారును నీళ్ళలోంచి పైకి లాగేశాను. అది గాలిలో తిరుగుతూ మా మీద నీళ్ళు చిమ్మింది. సుగుణ గెడ వేసింది. నేను అడ్డతాడును చేతులకు చుట్టుకుని బారలు బారలుగా లాగాను. మందిరం, పొయ్యి, బల్ల, దీపం, నా బోధ అంతా బయలుదేరి కాలవలోకి వచ్చింది. నత్తనడక.

"మిమ్మల్ని మంచినీళ్ళ గుంపు నుంచి తొలగిస్తున్నాం. ఉప్పునీళ్ళ గుంపులో మీకు స్థానం లేదు."

టప్పున చెవిలో నిశ్శబ్దం. ఆమెన్ లేదు, తిట్టు లేదు. వెనక వరస వసారాల్లో నోళ్ళు కదులుతున్నాయి. నేను ఎన్నాళ్ళుగానో వీళ్ళను వినలేదని, వడగళ్ళను విన్నానని అప్పుడు తెలిసింది.

పోటు వచ్చింది. పెద్దదేం కాదు. నడుమెత్తు నురగ, అంతే. నా కళ్ళ ముందే ఉప్పువరస మొదటి ఇల్లు తల ఊపింది. రెండోది ఇంకాస్త. ఊపు ఇంటింటికీ బలిసి కొసకు వస్తోంది. నూకాలు వసారా స్తంభాన్ని కౌగిలించుకుని ఉంది. గిన్నెలన్నీ ఎప్పుడో నీళ్ళలోకి పోయాయి. మొదటి విదిలింపుకు ఇంటి ఒక పక్క పీపాలు పూర్తిగా పైకి లేచాయి. నేను పూసిన తారు ఎండలో మెరిసింది. రెండో విదిలింపుకు ఇల్లు నిలవదు.

"తాడు. తాడు పొట్టి చెయ్" అని అరిచింది సుగుణ.

చేతుల్లో తాడు జారింది, చర్మం తీసుకుపోయింది. మళ్ళీ పట్టాను. ఇంకా రెండు బారలు. సుగుణ గెడను నీటి అడుగున దిగవేసి దాని మీద బోర్లా పడుకుంది. మా ఇల్లు బరువుగా పోయి నూకాలు ఇంటికి భుజం ఆనించింది. తాడును గుంజకు చుట్టి, మళ్ళీ చుట్టి, బిగించాను.

"నీ ఊపు నాది కాదు" అన్నాను. నోటికి అదే వచ్చింది. ప్రార్థన రాలేదు.

"అయ్యోరూ, నిన్నెవుడు రమ్మన్నాడు?" అంది నూకాలు స్తంభం వెనక నుంచి, ముఖం తెల్లగా పాలిపోయి. తరువాత అంది: "నా ఊపు నీది కాదు."

రెండో విదిలింపు వచ్చింది. ఆవిడ ఇల్లు ఎగరబోయింది, మా ఇల్లు ఎగరనివ్వలేదు. మా ఇల్లు వాలబోయింది, ఆవిడది వాలనివ్వలేదు. ముడి కిర్రుమంది. మూడోది ఇంకా చిన్నది. నాలుగోదాన్ని లెక్కపెట్టలేదు. వెనక మంచినీళ్ళ వరస మాత్రం నిదానంగా, అంతా ఒక్కటిగా, ఒక వైపుకు వాలుతోంది. తిరిగి లేచింది. మళ్ళీ వాలింది. మూడోసారి కొస ఇల్లు లేవలేదు.

అది పరంజ్యోతి ఇల్లు.

వాళ్ళంతా వసారాలో ఉండబట్టి దూకగలిగారు. అందరూ దక్కారు, స్తోత్రం. రొయ్యలవాళ్ళ పడవ ఒకటి వాళ్ళకు చెయ్యందించింది. మాట్లాడుకోకుండానే ఎక్కించుకున్నారు, మాట్లాడుకోకుండానే దింపారు.

సోమవారం

దీపం ఊగడం లేదు. పొద్దుట నుంచి అప్పుడప్పుడూ తల తిప్పి చూస్తున్నాను. సుగుణ గిన్నె నిండా గంజి పోసి బల్ల మీద వదిలేసి వెళ్ళింది, పట్టుకోకుండా.

చెవిపూసలో నిశ్శబ్దమే. నా మాట వినేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని సరంగును అడిగాను. "మీకు గుంపు లేదు, సిమియోను గారూ" అంది. గొంతు పోవడానికి ఇంత భయపడ్డాను గదా. భయం ఇంకా పోలేదు. రెండు వరసలూ ఉన్నచోటే ఉన్నాయి, దీపాలన్నీ ఒకే వైపు ఊగుతున్నాయి, పున్నమికి మళ్ళీ పోటు. ఆ లోపు ఎవరి బాధ పెద్దదైతే గేటు వాళ్ళది. నిన్నటి దానికి ఎవరు కారణమో రెండు గుంపులూ ఈపాటికి తేల్చేసుకుని ఉంటాయి.

అలవాటు మానలేక బల్ల ముందు నిలబడి నోవహును ఎత్తుకున్నాను. ఖాళీ చాపలకే.

"పేడ సంగతి తేలిందేటి?" అని గోడ అవతల నుంచి వినబడింది.

"అందరూ ఎత్తి ఉంటారక్కా. వంతులవారీగా."

"ఉంటారా? రాసుందా?"

"రాసి లేదు."

"మరి నీ సొంత కవిత్వం సెప్పకు."

ప్రసంగం అక్కడ ఆగింది. ఆ తప్పు దిద్దుకుంటూ ఉండగా పడవ చప్పుడైంది. పరంజ్యోతి. పడవలో తడిసిన పరుపులు, ఒక పొయ్యి, ఎవరి దగ్గరో అరువు తెచ్చిన పీపాలు. నా ముఖం చూడలేదు.

"ఈ పీపాలకి తారు పూయాలండి. మళ్ళీ కట్టుకోవాలి గదా."

"పూస్తాను. వరసలో ఎక్కడ కడతావు?"

నూకాలు ఇంటి రెండో గుంజను చాలాసేపు చూశాడు. దానికి తాడు లేదు. పడవ అడుగు నుంచి చుట్ట చుట్టిన కొత్త తాడు ఒకటి తీశాడు. గుంపులో ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కు తిరిగి చూశాడు. అవతలి వసారాల్లో కొందరు నిలబడే ఉన్నారు. వాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి. పరంజ్యోతి మెడ నరాలు ఉబ్బాయి. అతని చెవిలో ఏం కురుస్తోందో నాకు తెలుసు.

నూకాలు కర్ర పట్టుకుని వసారా అంచుకు వచ్చింది.

అతను తల వంచుకునే, పళ్ళ బిగువున అన్నాడు: "నీ ఊపు నాది కాదు."

"నాది నీకెందుకిస్తాన్రా" అంది నూకాలు.

ఆచారంలో ఉన్న మాట అది కాదు. అయినా సరిపోతుందని తాడు కొస అందుకుని ఆవిడ గుంజకు బిగించాను.